బరోక్ సంగీతానికి కూర్చిన మోడర్న్ డ్యూయెట్‌ను మళ్ళీ వేదికెక్కించడం: అపోహలు - వాస్తవాలు

యూరప్‌లో 17, 18 శతాబ్దాల నాటి బరోక్ సంగీతానికి కూర్చిన పాత డ్యూయెట్‌ను, అంటే ఇద్దరి నాట్యాన్ని, కొత్త జంటతో మళ్ళీ నిలబెట్టేటప్పుడు స్టెప్పులు మరిచిపోవడం వల్ల పని చెడటం అరుదు. ఇద్దరి బరువు ఒకరి మీద ఒకరికి ఎలా ఆనుతుంది, ఆ ఆనడానికి సంగీతం ఎంత వ్యవధి ఇస్తుంది అన్న రెండు లెక్కలు తప్పడం వల్లే ఎక్కువగా చెడుతుంది. కింది అపోహల్లో చాలావరకు అక్కడినుంచి పుట్టినవే.

అపోహ: మంచి వీడియో దొరికితే చాలు, చూసి నేర్చేసుకోవచ్చు.

ముందు వీడియో వేగం సరైనదేనా అని చూడండి. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మును 25 ఫ్రేముల పాల్ (ఒక టీవీ ప్రమాణం) టేపులోకి ఉన్నదున్నట్టు ఎక్కిస్తే నాట్యం 4 శాతం పైగా వేగం పుంజుకుంటుంది. ఆరు నిమిషాల నాట్యం 5 నిమిషాల 46 సెకన్లకు కుదించుకుపోతుంది, శ్రుతి సెమీటోన్‌లో (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం) సుమారు 0.7 వంతు పైకి జరుగుతుంది. శ్రుతిపెట్టెతో సరిచూద్దామంటే అదీ నమ్మకం కాదు. పాతకాలపు వాద్యాలతో వాయించే బృందాలు చాలావరకు 'ఎ' స్వరాన్ని 440 బదులు 415 దగ్గర పెట్టుకుంటాయి, అంటే అసలు రికార్డింగే ఒక సెమీటోన్ కింద ఉండొచ్చు. నమ్మదగిన దారి ఒకటే: ఆ ప్రదర్శనలో వాడిన రికార్డింగునే సంపాదించి, రెండింటి నిడివిని పక్కపక్కన పెట్టి చూడటం. శబ్దం లేని రిహార్సల్ ఫిల్మ్ అయితే గెంతు చూడండి. శరీరం 30 సెంటీమీటర్లు పైకి లేచిందంటే గాలిలో అర సెకను ఉండాల్సిందే. అంతకన్నా బాగా తక్కువ కనిపిస్తే అది 16 లేదా 18 ఫ్రేముల ఫిల్మును 24 దగ్గర ఆడించినది.

తెరకు ఎదురుగా నిలబడి నేర్చుకుంటే కుడిఎడమలు తారుమారవుతాయి. నేర్చుకునే కాపీని అద్దంలోలా తిప్పి పెట్టుకోండి, సరిచూసుకునే కాపీని మాత్రం తిప్పకండి. ఇక ఎదుటినుంచి తీసిన ఒకే కెమెరాలో చేతులు వెనక ఎక్కడ పట్టుకున్నాయో కనిపించదు. డ్యూయెట్‌కు ప్రాణం ఆ పట్టే. లాబానోటేషన్ (కదలికలను గుర్తులతో కాగితంపై రాసే పద్ధతి) స్కోరు ఉంటే అందులో స్పర్శను చూపే విల్లు గుర్తులు ముందు చదవండి. స్కోరును కిందినుంచి పైకి చదవాలి, ఇద్దరికీ పక్కపక్కన రెండు స్టాఫులు (నిలువు గీతల వరసలు) ఉంటాయి. న్యూయార్క్‌లోని డాన్స్ నోటేషన్ బ్యూరో 1940 నుంచీ ఇలాంటి స్కోర్లు భద్రపరుస్తోంది. స్కోరూ వీడియో పొసగకపోతే ఒకటి తప్పని వెంటనే తేల్చకండి. కొరియోగ్రాఫరే తర్వాత మార్చి ఉండవచ్చు. ఏ ఏటి రూపం తీసుకుంటున్నారో మొదటి రోజే రాసిపెట్టుకుని దానికే కట్టుబడండి. రెండు రూపాల్లోని ముక్కలు కలిపి కుడితే మధ్యలో పాదం ఎక్కడా కుదరదు.

అపోహ: బాఖ్ బాఖే, ఏ రికార్డింగైనా ఒకటే.

ఈ ఒక్క నమ్మకం పాడుచేసినన్ని పునఃప్రదర్శనలను మరేదీ పాడుచేసి ఉండదు. బరోక్ స్వరకర్తల్లో బాఖ్ 1750లో, హెండెల్ 1759లో చనిపోయారు. వేగాన్ని అంకెల్లో కొలిచి దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌కు పేటెంటు వచ్చింది 1815లో. కాబట్టి వాళ్ళ సంగీతానికి అంకెల్లో బిగించిన టెంపో (వేగం) లేదు. బాఖ్ రెండు వయొలిన్ల కచేరీలోని లార్గోనే (నెమ్మది భాగం) తీసుకోండి: కొన్ని రికార్డింగులు ఆరు నిమిషాల దగ్గర ముగుస్తాయి, కొన్ని ఏడు దాటతాయి. ఏడు నిమిషాల దానిలో 14 సెకన్లు నిలిపే బాలెన్స్ ఆరు నిమిషాల దానిలో 12 సెకన్లే. తగ్గింది కదా, సులువే అనిపిస్తుంది. కానీ పడిపోతున్న శరీరం సంగీతం మాట వినదు. నెమ్మదిగా కరిగిపోవాల్సిన పతనం దబ్బున కూలినట్టు తయారవుతుంది. టెంపో మందగిస్తే కష్టం ఇంకో రకం: ఎత్తినవారి మోచేతులు చివరి రెండు సెకన్లలో వణుకుతాయి, ఎక్కినవారు అది పసిగట్టి ముందే దిగిపోతారు.

పాత రికార్డింగు దొరకకపోతే వీడియోలో కనీసం నాలుగు చోట్ల బార్ల (పాశ్చాత్య తాళపు ఆవర్తనాల) వేగం కొలిచి పట్టిక వేయండి. సగటు ఒక్కటే పనికిరాదు, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కూడా కావాలి. కొత్త రికార్డింగు ఆ అంకెలకు మెట్రోనోమ్‌పై రెండు గీతలు అటూఇటూ ఉంటే సర్దుకోవచ్చు. తర్వాత పునరావృతాలు లెక్కించండి. రెండు భాగాల నాట్యపు వరసల్లో ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయించాలని స్కోరులో ఉన్నా, కొందరు రెండోది వదిలేస్తారు.

కౌంట్లను పైన పాడే వయొలిన్‌కు కట్టకండి. రెండోసారి వచ్చినప్పుడు వాయిద్యకారులు గమకాలు మార్చేస్తారు. ఒక ట్రిల్ (రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి వాయించడం) కోసం ఎదురుచూసిన డాన్సర్ లిఫ్టుకు, అంటే జోడీని ఎత్తడానికి, ఆలస్యమవుతారు. కింద నడిచే బాస్ వరసకు కట్టండి, అది అంతగా మారదు. 12/8 నడకను కూచిపూడి, భరతనాట్యం నేర్చినవారికి వివరించడం తేలిక: నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు తిశ్రం, 'తకిట' అంటూ చేత్తో వేయించండి. 3/4లో (బారుకు మూడు దెబ్బలు) ముగింపుకు ముందు రెండు బార్లు కలిసి మూడు రెళ్ళుగా వినిపించే చోట్లు ఉంటాయి. అక్కడ జంటలో ఒకరు మూళ్ళలో, మరొకరు రెళ్ళలో లెక్కించి విడిపోతారు. ఆ చోట్లను స్కోరులో రంగుతో గుర్తుపెట్టి, అడుగు వేయకుండా చప్పట్లతోనే సాధన చేయించండి.

ప్రత్యక్ష వాద్యబృందం ఉంటే చివరి బార్ల మందగమనం ఎంతో ముందే ఒప్పుకోండి. హార్ప్‌సికార్డ్ (తీగలను మీటే పాత కీబోర్డు వాద్యం) శబ్దం చిన్నది, వేడి లైట్ల కింద శ్రుతి జారుతుంది. వింగుల్లో (వేదిక పక్కల తెరచాటున) మానిటర్ స్పీకరు తప్పనిసరి.

అపోహ: సంగీతం రాచకొలువుది కాబట్టి నడతా అలాగే ఉండాలి.

మోడర్న్ డాన్స్ కొరియోగ్రాఫర్లు డోరిస్ హంఫ్రీ 1928లో బాఖ్‌కు, హోసే లిమోన్ 1942లో బాఖ్ 'షకోన్' అనే రచనకు, పాల్ టేలర్ 1962లో 'ఆరియోల్'లో హెండెల్‌కు నాట్యం కూర్చినప్పుడు ఆ సంగీతపు కట్టడాన్ని తీసుకున్నారు, విగ్గులూ వంగి దండాలూ కాదు. లిమోన్ 1949 నాటి 'ద మూర్స్ పవాన్' మాత్రం కొలువు నాట్యపు మర్యాదను కథ కోసమే వాడుకుంది. 'ఆరియోల్'ను తర్వాత బాలే బృందాలు కూడా ఆడాయి, బాలే తార నురేయెవ్ ఆడాడు. బాలే శిక్షణ ఉన్నవారికి ఇలాంటి నాట్యంలో కష్టమైనది శరీరాన్ని పైకి లాగి పట్టుకునే అలవాటు మానడం. బరువు నేలలోకి దిగితేనే గెంతుకు అర్థం.

అపోహ: బలమున్నవాడు ఎత్తితే లిఫ్టు అయిపోతుంది.

మోడర్న్ డ్యూయెట్‌లో సగం పట్లు లిఫ్టులు కావు, ఎదురుబరువులు. బరువైనవారు తక్కువ దూరం, తేలికైనవారు ఎక్కువ దూరం వెనక్కి వాలాలి. పాత జంటలో ఇద్దరూ ఒకే ఎత్తువారై, కొత్త జంటలో 15 సెంటీమీటర్ల తేడా ఉంటే వీడియోలో కనిపించే కోణాన్ని కాపీ చేయడం వ్యర్థం, పాదాల మధ్య దూరం మార్చాలి. చేతివేళ్ళు కాదు, మణికట్లు పట్టుకోండి. మోచేతులు వంగాయంటే కండబలంతో లాగుతున్నట్టు. భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయంటే భయం. తుంటి వెనక్కి జారిందంటే ఒకరు వదిలేస్తే ఇద్దరూ పడతారు. సంగీతం లేకుండా, సగం వేగంలో, పక్కన మూడో మనిషిని కాపు నిలబెట్టి మొదలుపెట్టండి.

దుస్తులు చివరి వారానికి వాయిదా వేయకండి. జెర్సీ గుడ్డ చెమటకు జారుతుంది, నడుము పట్టు మారిపోతుంది. వినైల్ నేలమీద ఒట్టికాళ్ళతో తిరుగుడు చర్మాన్ని చీలుస్తుంది.

అపోహ: బాఖ్‌కు హక్కులు లేవు కాబట్టి అనుమతి అక్కర్లేదు.

స్వరరచనకు లేవు, అంతే. మన 1957 కాపీరైట్ చట్టంలో కొరియోగ్రఫీ నాటకరచన కిందికి వస్తుంది, రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు రక్షణ ఉంటుంది. టేలర్ చనిపోయింది 2018లో. సౌండ్ రికార్డింగుకు వేరే హక్కు, అది విడుదల తర్వాత 60 ఏళ్ళు. అందుకని రిహార్సల్‌కు ముందే హక్కుదారులకు రాయండి: జంట వివరాలు, వేదిక వెడల్పు, లోతు, నేల రకం, ప్రదర్శనల సంఖ్య, రికార్డింగా ప్రత్యక్ష సంగీతమా. చాలా ఒప్పందాల్లో ఎవరు నేర్పాలో, ఏ రికార్డింగు వాడాలో, దుస్తులూ లైట్లూ ఎలా ఉండాలో రాసి ఉంటాయి. అవి తెలిశాకే గుడ్డ కొనండి.