పుట్టింటికి వెళ్ళిన జొన్న

జొన్న, సజ్జ, రాగి మన సొంత పంటలని మనకో నమ్మకం. నిజానికి మూడింటి పుట్టిల్లూ ఆఫ్రికానే. సహారా ఎడారికి దక్షిణపు అంచున, ఇప్పటి మాలి ప్రాంతంలో సుమారు 4,500 ఏళ్ళ కిందటే సజ్జ సాగులో ఉంది. జొన్న సూడాన్ వైపు నుంచి, రాగి ఇథియోపియా, ఉగాండాల ఎత్తు నేలల నుంచి వచ్చాయి. ఎప్పుడో సముద్రం దాటి వచ్చి మన రొట్టె, మన సంగటి అయిపోయాయి.

1972లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు. మెట్ట పంటల మీద పరిశోధన దాని పని. ఆ దశాబ్దంలోనే అక్కడి శాస్త్రవేత్తలు మన దగ్గర బాగా పండిన జొన్న, సజ్జ రకాలను పశ్చిమ ఆఫ్రికాకి పట్టుకెళ్ళారు. అదే పంట, అదే వర్షాధార సేద్యం, అలాంటి ఎండే. మన దగ్గర పండింది అక్కడెందుకు పండదు అన్నది వాళ్ళ లెక్క. పండలేదు. మొక్కజొన్నో గోధుమో అయితే కొత్త చోటు అనుకోవచ్చు. పుట్టింటికి వెళ్ళిన పంటే అక్కడ నిలబడలేకపోయింది.

ఎందుకంటే, బుర్కినా ఫాసో, మాలి పల్లెల్లో రైతులు తరతరాలుగా వేసే జొన్నకి లోపల ఓ గడియారం ఉంటుంది. జూన్‌లో విత్తినా, వాన ఆలస్యమై జూలైలో విత్తినా, అది సెప్టెంబరు దాకా ఆగి, పగటి పొద్దు తగ్గడం పసిగట్టి పూతకొస్తుంది. అక్కడ తొలకరి ఏ వారం పడుతుందో ఎవరూ చెప్పలేరు. వానలు ఆగిపోయే సమయం మాత్రం ఏటా దాదాపు ఒకటే. అందుకే ఆ మొక్కకి ఎప్పుడు విత్తారన్నది లెక్క కాదు, వాన ఎప్పుడు ఆగుతుందన్నదే లెక్క. గింజ గట్టిపడే వేళకి ఆకాశం తేటగా ఉంటుంది.

మన దగ్గర నుంచి వెళ్ళిన పొట్టి రకాలు రోజులు లెక్కపెట్టుకుని పూస్తాయి. జూన్‌లో విత్తితే ఆగస్టులోనే పూత. గింజ పాలు పోసుకునేది సరిగ్గా ముసురులో. కంకికి బూజు, ఊళ్ళో మిగతా చేలకన్నా ముందే పండింది కనక పిట్టలన్నీ దాని మీదే. పైగా అక్కడి జొన్న మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతుంది. ఆ చొప్ప దడికీ, కప్పుకీ, పశువులకీ కావాలి. పొట్టి రకం అంటే ఆ మేరకు నష్టమే.

ఆఫ్రికాలో పంట దిగుబడి పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ జొన్నే గుర్తొస్తుంది. పత్రికల్లో “ఆఫ్రికా సగటు దిగుబడి” అని ఒక అంకె వేస్తారు. ఆ సగటులో పండే పొలం ఎక్కడా ఉండదు.

నైజీరియా తీరం నుంచి ఉత్తరానికి బయల్దేరి చూడండి. మొదట దట్టమైన తేమ అడవి: కోకో, ఆయిల్ పామ్, కర్రపెండలం, పెండలం. ఇంకొంచెం పైకి వెళ్తే చెట్లు పలచబడి గడ్డి పెరుగుతుంది. మొక్కజొన్న, సోయా అక్కడివి. ఉత్తరాన ఉన్న కానో నగరం చేరేసరికి జొన్న, వేరుశనగ, అలసంద. సరిహద్దు దాటి నైజర్‌లో అడుగుపెడితే ఇసుక నేల, సజ్జ, మూడు నెలల వాన. లాగోస్ నుంచి కానోకి రోడ్డున వెయ్యి కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రయాణంలో నాలుగు రకాల సేద్యాలు కనిపిస్తాయి. తూర్పున తేడా ఎత్తులో ఉంటుంది. ఇథియోపియా రైతులకి దీనికి సొంత మాటలే ఉన్నాయి: దిగువ వేడి నేల కొల్లా, మధ్యస్థం వొయ్‌నా దెగా, పైన చలి నేల దెగా. టెఫ్ (అక్కడి చిన్న గింజ ధాన్యం) ఎక్కడ వెయ్యాలో, బార్లీ ఎక్కడ వెయ్యాలో ఆ మాటల్లోనే ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1978లో ఆఫ్రికాను వ్యవసాయ వాతావరణ మండలాలుగా విడదీసి లెక్కగట్టింది. పంట పెరగడానికి సరిపడా తడి ఏడాదిలో ఎన్ని రోజులు ఉంటుంది అన్నదే దానికి కొలబద్ద. మొత్తం వాన ఎన్ని మిల్లీమీటర్లు అని కాక ఎన్ని రోజులు అని అడగడం మంచి పని. కాకపోతే, అప్పటికే చాలా డబ్బు మట్టిలో కలిసింది.

ఎలా కలిసిందో తెలియాలంటే టాంగన్యికా వేరుశనగ పథకం చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో వంటనూనెకి, కొవ్వులకి కటకట. అప్పుడు తమ పాలనలో ఉన్న టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా) 30 లక్షల ఎకరాల్లో వేరుశనగ పండించాలని బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయించింది. 1946లో ముగ్గురు నిపుణుల బృందం తిరిగి చూసి సరేనంది. 1947లో కొంగ్వా దగ్గర పని మొదలైంది. ట్రాక్టర్లు దొరక్కపోతే యుద్ధంలో మిగిలిన షెర్మన్ ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి పంపారు. వాటికి షెర్విక్ అని పేరు పెట్టారు. లావాటి బావోబాబ్ చెట్ల దగ్గర, తుప్పల వేళ్ళ దగ్గర యంత్రాలు మొరాయించాయి. మొదటి ఏడాది 1,50,000 ఎకరాలు అనుకుంటే నాటగలిగింది 7,500.

నేల సంగతి అంతకన్నా ఘోరం. వేరుశనగ ఊడలు భూమిలోకి దిగాలి, కాయ ఊరాలి, తర్వాత పీకాలి. ఎర్ర నేల గుల్లగా ఉంటేనే అది సాగుతుందని అనంతపురంలో ఏ రైతు నడిగినా చెబుతాడు. కొంగ్వా మట్టిలో బంక ఎక్కువ. వాన వెలిసి ఎండ కాసేసరికి కాల్చిన ఇటుకలా బిగిసిపోయేది. పండిన కాయ కూడా పైకి రాలేదు. వానలూ నమ్మదగ్గవి కావు. ఆ చుట్టుపక్కల గోగో జనం పశువులు మేపుకుంటూ అక్కడక్కడా జొన్న వేసుకునేవారు. అంత భూమి ఎందుకు ఖాళీగా ఉందో వాళ్ళ నడిగితే తెలిసేది. 1951 జనవరిలో పథకం ఎత్తేశారు. మూడున్నర కోట్ల పౌండ్లకు పైగా మాఫీ ఖాతాలో పడింది.

అలాగని పరిశోధనే దండగ అనలేం. దక్షిణ రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) 1960లో విడుదలైన ఎస్‌ఆర్-52 అనే మొక్కజొన్న హైబ్రిడ్ తెల్ల రైతుల దిగుబడిని ఎక్కడికో తీసుకెళ్ళింది. కానీ అది ఎక్కువ వాన, ఎక్కువ కాలం కావాల్సిన రకం. మంచి వాన పడే నేలలు చాలావరకు వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. నల్లజాతి రైతులను 1930 భూచట్టం పొడి ప్రాంతాలకు నెట్టింది. అక్కడికి పనికొచ్చే తక్కువ కాలపు హైబ్రిడ్లు 1970లలో గానీ రాలేదు. విత్తనం ఏ మండలానికి తయారవుతుందన్నది శాస్త్రం మాత్రమే తేల్చే విషయం కాదు, భూమి ఎవరిదన్నది కూడా తేలుస్తుంది.

మన హరిత విప్లవం అక్కడ ఎందుకు రాలేదని చాలామంది అడుగుతారు. మనకి వచ్చింది కాల్వ కింద, బావి కింద గోధుమకి, వరికి. సహారాకి దిగువన సాగు దాదాపు అంతా వర్షాధారం. పంటలా, ఒకటి రెండు కాదు. అందుకే అక్కడ గెలిచినవి వేరే రకం గెలుపులు.

వాటిలో నాకు బాగా నచ్చింది కర్రపెండలం కథ. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిన ఈ దుంప కోట్లమందికి కడుపు నింపేది. 1970ల మొదట్లో కాంగో ప్రాంతంలో పిండినల్లి కనబడింది. ఆకులు ముడుచుకుపోయి, కొసలు గిడసబారి, చేలకి చేలే పోయాయి. పురుగు దక్షిణ అమెరికాది, దాని శత్రువు మాత్రం అక్కడే ఉండిపోయింది. నైజీరియాలోని ఇబాదాన్‌లో 1967లో పుట్టిన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో హాన్స్ హెరెన్ బృందం ఆ శత్రువు వేటలో పడింది. 1981లో పరాగ్వేలో ఓ చిన్న కందిరీగ జాతి దొరికింది. పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది, పిల్ల దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ఇబాదాన్‌లో పెంచి వదిలారు. 30 దాకా దేశాల్లో అది తనంతట తానే వ్యాపించి పురుగును అదుపులోకి తెచ్చింది. రైతు ఒక్క పైసా పెట్టలేదు, మందు డబ్బా కొనలేదు. అందుకేనేమో, దీనికి ప్రకటనలిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. హెరెన్‌కి 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

సహారా దక్షిణపు అంచుని సాహెల్ అంటారు. అక్కడ కథ కరువుతో మొదలవుతుంది. 1968లో మొదలైన కరువు 1973 దాకా పీడించింది, 1983–85లో మళ్ళీ వచ్చింది. అంతకుముందే 1960లలో బుర్కినా ఫాసోలోని యతెంగా ప్రాంతంలో మట్టి కోత ఆపడానికి బుల్డోజర్లతో పొడవాటి కట్టలు వేశారు. రైతుని అడక్కుండా వేసిన కట్టల్ని రైతు కాపాడలేదు. అవి తెగిపోయాయి.

అదే యతెంగాలో 1980 ప్రాంతంలో యకూబా సవదోగో అనే రైతు పాత పద్ధతి ఒకటి బయటికి తీశాడు. దాని పేరు జాయి. వానే ఇంకనంత గట్టిగా పైపొర బిగుసుకుపోయిన నేల మీద ఎండాకాలంలోనే గుంటలు తవ్వుతారు, జానెడు వెడల్పు, అంతకన్నా కాస్త తక్కువ లోతు. అతను వాటిని ఇంకొంచెం పెద్దవి చేసి, ఒక్కోదాంట్లో పిడికెడు పెంట వేశాడు. పెంటకి చెదలు వస్తాయి. మన దగ్గరైతే చెదలంటే టెన్షన్; అక్కడ చెదలే కూలీలు. అవి నేలలోకి బొరియలు తవ్వుతాయి, తొలి వాన ఆ బొరియల్లోంచి దిగుతుంది. తొలకరికి అందులోనే జొన్నో సజ్జో విత్తుతారు. ఎండాకాలంలో గుంటలు తవ్వుతుంటే ఊరివాళ్ళు అతనికి పిచ్చన్నారు. పెంటలో వచ్చిన చెట్ల గింజలు మొలిచి, అతను వాటిని కాపాడితే, కొన్నేళ్ళకి అక్కడ అడవే లేచింది. 2018లో అతనికి రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. 2023 డిసెంబరులో చనిపోయాడు.

ఆ రోజుల్లోనే ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ పనిలో ఇంకోటి తేలింది. వాలుకి అడ్డంగా రాళ్ళు వరసగా పేరిస్తే నీళ్ళు నెమ్మదించి ఇంకుతాయి. కానీ వరస సరిగ్గా ఒకే మట్టంలో ఉండాలి. దానికి సర్వేయరు అక్కర్లేదు. మన మేస్త్రీలు గోడ లెవెల్ చూసే నీళ్ళ పైపే వాడారు. చదువు రాని రైతు కూడా ఒకట్రెండు రోజుల్లో నేర్చుకున్నాడు.

జాయిని ఆకాశానికెత్తేవాళ్ళు చెప్పనిదొకటుంది. ఒక హెక్టారుకి గుంటలు తవ్వడమంటే వందల గంటల చాకిరీ. పశువులు లేని ఇంట్లో పెంట ఎక్కడిది? అందుకే అది అందరికీ కుదరదు.

నైజర్‌లో మరాది ప్రాంతానిది ఇంకా తేలికైన దారి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టోనీ రినాడో మొదట్లో మొక్కలు నాటించాడు, చాలావరకు ఎండిపోయాయి. 1983లో ఒకరోజు ఇసుకలో బండి నడవడానికి టైర్లలో గాలి తీస్తూ పక్కనున్న పొదని చూశాడు. అది పొద కాదు, నరికిన చెట్టు మొదలు చిగుర్చింది. వేళ్ళు బతికే ఉన్నాయి. నాటక్కర్లేదు, నాలుగైదు పిలకలు ఉంచి మిగతావి కత్తిరిస్తే చెట్టవుతుంది. అలా దక్షిణ నైజర్‌లో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. వాటిలో గావో అనే తుమ్మ జాతి చెట్టు విచిత్రమైనది: వానాకాలంలో ఆకు రాలుస్తుంది, ఎండాకాలంలో చిగురిస్తుంది. అందుకని కింద సజ్జకి నీడ అడ్డు రాదు, రాలిన ఆకు ఎరువవుతుంది. ఇంతకాలం రైతులు వాటిని ఎందుకు నరికారంటే, ఫ్రెంచివాళ్ళ పాలనలో వచ్చిన చట్టం ప్రకారం పొలంలో చెట్టు కూడా సర్కారుది. అటవీ సిబ్బంది జరిమానా వేసేలోపే పీకెయ్యడం నయం. ఆ పట్టు సడలాకే చెట్టు నిలిచింది.

కొండ ప్రాంతాల కథ వేరు. కెన్యాలోని మచాకోస్‌లో కొండవాలు మట్టి అంతా కొట్టుకుపోతోందని 1930లలో బ్రిటిష్ అధికారులు గగ్గోలు పెట్టి, అకాంబా రైతుల పశువులను బలవంతంగా తగ్గించబోయారు. 1938లో వాళ్ళు నైరోబీ దాకా నడిచి నిరసన తెలిపారు. తర్వాత వాళ్ళే వాలు మీద కాలువ తీసి మట్టిని పై వైపుకి ఎత్తిపోసి గట్లు వేశారు. దాని పేరే ‘ఫాన్యా జూ’, అంటే స్వాహిలీలో పైకి వెయ్యి అని. అరవై ఏళ్ళలో జనాభా ఐదింతలైంది, మట్టి కోత తగ్గింది. విక్టోరియా సరస్సు ఒడ్డున ఎంబీతాలో మరో సంగతి. మొక్కజొన్న వరసల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క, చుట్టూ నేపియర్ గడ్డి. కాండం తొలిచే పురుగుని ఒకటి తరుముతుంది, రెండోది తన వైపు లాక్కుంటుంది. పైరు వేళ్ళని పట్టి పీల్చే స్ట్రైగా అనే ఊదాపూల కలుపుని కూడా డెస్మోడియం అణుస్తుంది. రెండూ పశువుల మేతే.

ఇక ఎరువు దగ్గరికొస్తే, ఇక్కడ నేను సేంద్రియ వాదుల పక్షాన లేను. ఏళ్ళ తరబడి పండించి తిరిగి ఏమీ వెయ్యని నేల ఎన్నాళ్ళు ఇస్తుంది? 2006లో నైజీరియా రాజధాని అబూజాలో ఆఫ్రికా నేతలు హెక్టారుకి 8 కిలోలున్న ఎరువుల వాడకం 2015కల్లా 50 కిలోలు కావాలన్నారు. గడువు దాటినా సగం కూడా కాలేదు. మలావీ మాత్రం 2005 కరువు తర్వాత కూపన్లిచ్చి ఎరువు, మొక్కజొన్న విత్తనం చౌకగా పంచింది. వరసగా మంచి పంటలు వచ్చాయి. వానలూ కలిసొచ్చాయి. తర్వాత్తర్వాత ఆ సబ్సిడీ బడ్జెట్టుని పిండేసింది. రాక్‌ఫెల్లర్, గేట్స్ ఫౌండేషన్లు 2006లో మొదలుపెట్టిన ఆగ్రా (ఆఫ్రికాలో హరిత విప్లవం కోసం పెట్టిన కూటమి) 2020కల్లా దిగుబడులు రెట్టింపు అంది, అంత కాలేదు.

సాహెల్లో బస్తా ఎరువు కొని చేనంతా చల్లి, ఆపైన వాన రాకపోతే అప్పే మిగులుతుంది. నైజర్‌లో ఇక్రిశాట్, స్థానిక సంస్థలు కలిసి కొలత మార్చాయి. ప్రతి పాదులో గింజలతో పాటు మూడు వేళ్ళకి వచ్చినంత ఎరువు, లేదా సీసా మూతెడు. పైరుకి మొదట్లోనే వేళ్ళు దిగుతాయి, ఖర్చు తక్కువ, వాన మోసం చేసినా పోయేదీ తక్కువే.

ఇక మొదట చెప్పిన జొన్న. ఓడిన తర్వాత ఇక్రిశాట్ మాలిలో బమాకో దగ్గర సమాంకో కేంద్రంలో అక్కడి పరిశోధకులతో కలిసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అక్కడి గినీ జాతి జొన్నల నుంచే హైబ్రిడ్లు తీశారు, పరీక్షలు రైతుల చేలల్లోనే పెట్టారు. ఫద్దా, పాబ్లో లాంటి రకాలు ఊరి రకం కన్నా సుమారు 30 శాతం ఎక్కువ గింజ ఇచ్చాయి. లోపలి గడియారాన్ని మాత్రం ముట్టుకోలేదు. జూన్‌లో వేసినా, జూలైలో వేసినా, వానలు వెనక్కి తగ్గే వేళకే పూస్తాయి.