మనిషికి రెండు చేపలు: ఒక అంకె వెనుక నూట యాభై ఏళ్లు

2017లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జలాల్లో, సొంత పడవ మీద వెళ్లి గాలం వేసేవారికి రెడ్ స్నాపర్ అనే చేపను పట్టుకోవడానికి మొదట దక్కిన గడువు మూడు రోజులు. జూన్ 1 నుంచి 3 వరకు. ఆ మూడు రోజుల్లోనూ మనిషికి రోజుకు రెండు చేపలే, ఒక్కొక్కటీ 16 అంగుళాలకు తగ్గకూడదు. గాలి ఎదురు తిరిగి పడవ ఒడ్డునే ఉండిపోతే ఆ ఏడాదికి అంతే సంగతులు. పాతికేళ్ల కిందట చేపలు లేవన్నప్పుడు ఏడేసి పట్టుకోనిచ్చారు, ఇప్పుడు ఎక్కడ గాలం వేసినా స్నాపరే తగులుతుంటే రెండంటున్నారు, అదీ మూడు రోజులంటున్నారు, ఇదెక్కడి లెక్క అని పడవల వాళ్లు మండిపడ్డారు. ఆ కోపంలో అన్యాయమేమీ లేదు. లెక్కలోనూ పెద్ద తప్పు లేదు. రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందు చేప గురించి. రెడ్ స్నాపర్ యాభై ఏళ్లకు పైగా బతకగలదు. వయసుతో పాటు దాని గుడ్ల సంఖ్య మామూలుగా పెరగదు, విపరీతంగా పెరుగుతుంది. 61 సెంటీమీటర్ల ఆడ స్నాపర్ ఒక్కటి పెట్టే గుడ్లు, 42 సెంటీమీటర్ల ఆడ చేపలు 212 కలిసి పెట్టే గుడ్లతో సమానమని మత్స్య శాస్త్రవేత్తలు చాలాకాలంగా చూపుతున్న లెక్క. చట్టం అనుమతించే కనీస పొడవు 16 అంగుళాలంటే దాదాపు 41 సెంటీమీటర్లు. అంటే కనీస కొలత కాపాడేది ఆ 212లో ఒకటి కాబోయే పిల్లను. ఫొటో దిగడానికి అందరూ కోరుకునేది మాత్రం 61 సెంటీమీటర్ల తల్లిని.

స్నాపర్ ఉండే పారల మీదే, అంటే సముద్రపు అడుగున ఉన్న రాతి గట్ల మీదే, తిరిగే గ్రూపర్లు అనే చేపల సంగతి ఇంకా చిక్కు. వాటిలో చాలా జాతులు ఆడవిగా బతుకు మొదలుపెట్టి, పెద్దయ్యాక మగవిగా మారతాయి. పెద్ద చేపల్నే ఏరి పడితే మిగిలేవి ఆడవే. గల్ఫ్‌లో గ్యాగ్ అనే గ్రూపర్ జాతికి ఇదే జరిగింది. 1970లలో దాదాపు 17 శాతం ఉన్న మగ చేపల వాటా ఆ తరవాత రెండు శాతం దరిదాపులకు పడిపోయింది. చేపలు నీళ్లలో కనిపిస్తూనే ఉంటాయి, జంట కట్టడానికి మగవే దొరకవు.

స్నాపర్ వేట వ్యాపారమైంది ఫ్లోరిడాలోని పెన్సకోలా రేవులో. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో తెరచాప పడవలు పారలను వెతుక్కుంటూ వెళ్లేవి. వెతకడమంటే సీసపు గుండు కట్టిన తాడును అడుక్కి వదిలి, లోతునూ నేల తీరునూ చేతితో తెలుసుకోవడం. పార తగిలితే పడవ ఆగేది, చేతి గాలాలు దిగేవి. మంచు గడ్డలు, రైళ్లు వచ్చాక పెన్సకోలా చేప ఉత్తరాది పట్టణాలకు చేరింది. ఒడ్డుకు దగ్గరి పారలు పలచబడుతున్నాయన్న మాట 1880లలోనే కాగితం మీదికి ఎక్కింది. దానికి దొరికిన మందు తక్కువ పట్టడం మాత్రం కాలేదు. ఇంకా దూరం వెళ్లారు. మెక్సికోలోని యుకటాన్ తీరం ముందున్న కంపెచీ గట్టు దాకా, గల్ఫ్‌ను అడ్డంగా దాటి వెళ్లారు. రెడ్ స్నాపర్ శాస్త్రీయ నామంలో ఆ కంపెచీ పేరే ఉంది. దగ్గరిది అయిపోతే దూరానికి వెళ్లడం అన్న అలవాటు దాదాపు వందేళ్లు సాగింది. సముద్రం పెద్దది కాబట్టి చెల్లింది.

చిన్న పడవ రంగంలోకి దిగింది రెండో ప్రపంచ యుద్ధం తరవాత. బిగించి విప్పుకోగల మోటార్లు, ఫైబర్‌గ్లాస్ పడవలు, అడుగున ఏముందో గీసి చూపే ధ్వని యంత్రాలు మామూలు మనిషికి అందుబాటులోకి వచ్చాయి. ముసలి సరంగు ముప్పై ఏళ్లు పోగేసుకున్న పారల జ్ఞాపకం ఒక చిన్న తెర మీద అంకెలుగా మారింది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెట్టిన పొరపాటును తొలగించడంతో, గది అంత రాయి మీద కూడా పడవను తీసుకెళ్లి నిలపడం ఎవరికైనా సాధ్యమైంది. ఆ తొలగింపు చేపల గురించి ఆలోచించి చేసింది కాదు. చేపల మీద దాని ప్రభావం మాత్రం ఏ మత్స్య చట్టానికీ తీసిపోదని నాకనిపిస్తుంది.

ఈ మార్పు ఎంత తినేసిందో చూపించే సాక్ష్యం ఫ్లోరిడాలోని కీ వెస్ట్ రేవులో దొరికింది. అక్కడ అద్దె పడవల మీద వేటకెళ్లి వచ్చినవాళ్లు ఆ రోజు పట్టిన పెద్ద చేపలను బల్లకు వేలాడదీసి ఫొటో దిగడం దశాబ్దాల ఆనవాయితీ. లోరెన్ మెక్‌క్లెనాకన్ అనే పరిశోధకురాలు 1956 నుంచి 2007 వరకు తీసిన అలాంటి ఫొటోల్లో చేపలను కొలిచి 2009లో ప్రచురించింది. వేలాడుతున్న చేప సగటు బరువు 19.9 కిలోల నుంచి 2.3 కిలోలకు జారింది. పాత బొమ్మల్లో మనుషుల కంటే పొడవైన గ్రూపర్లు, సొరలు ఉన్నాయి. కొత్త వాటిలో చేతికి వేలాడే చిన్న స్నాపర్లు. మారనివి రెండు: ధరల పెరుగుదల తీసేసి చూస్తే వేటకు పడవ అద్దె, ఫొటోల్లోని మనుషుల నవ్వు. తాము మొదటిసారి చూసిన సముద్రాన్నే ప్రతి తరమూ నిండు సముద్రమనుకుంటుందని మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో రాశాడు. ఆ మాటకు ఇంతకంటే మంచి బొమ్మ ఉండదు.

చట్టం వచ్చింది 1976లో. ఇప్పుడు మాగ్నసన్-స్టీవెన్స్ చట్టం అంటున్న దానితో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల నిర్వహణ ఫెడరల్ ప్రభుత్వం చేతికి వెళ్లి, ప్రాంతీయ మండళ్లు ఏర్పడ్డాయి. గల్ఫ్ మండలి పారల చేపల ప్రణాళిక 1984లో అమలైంది. స్నాపర్‌కు 13 అంగుళాల కనీస పొడవు, అంతే. రోజుకు ఎన్ని అన్న ప్రశ్నే లేదు. 1988లో చేపలెన్ని ఉన్నాయన్న తొలి పూర్తి అంచనా వచ్చి, చేప దారుణంగా తరిగిపోయిందని తేల్చాక 1990లో మనిషికి రోజుకు ఏడు అన్న అంకె వచ్చింది. 1995లో అది ఐదైంది, 1998లో నాలుగు, 2007లో రెండు. కనీస పొడవు కూడా మెల్లగా 16 అంగుళాలకు ఎక్కింది. చేపల సంఖ్య కోలుకోవడానికి మొదట పెట్టుకున్న గడువు 2000. వాయిదాల మీద వాయిదాలు పడి అది 2032కు చేరింది.

రోజువారీ పరిమితిలో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. అది మనిషిని లెక్కిస్తుంది, మనుషులెందరో లెక్కించదు. ఏడు రెండయ్యే లోపల పడవలు ఎన్ని రెట్లు పెరిగినా నియమం నోరెత్తదు. 2006లో చట్టాన్ని సవరించి ప్రతి జాతికీ ఏడాది మొత్తానికి మించకూడని పరిమితి పెట్టమన్నారు. స్నాపర్‌లో 51 శాతం వ్యాపార పడవలకు, 49 శాతం సరదా వేటకు అని 1990 నుంచే పంపకం ఉంది. వ్యాపార పడవలకు 2007 నుంచి ఎవరి వాటా వారికి రాసిచ్చారు. ఎప్పుడు పట్టాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. లక్షల మంది సరదా వేటగాళ్లకు వాటాలు రాసివ్వడం ఎవరికీ చేతకాలేదు. అందుకని వాళ్లను అదుపు చేయడానికి మిగిలిన ఒకే దారి వేట రోజులను తగ్గించడం. 2007లో 194 రోజులున్న సీజన్ 2008లో 65కు, 2014లో కోర్టు తీర్పు తరవాత తొమ్మిదికి కుదించుకుపోయింది.

ఇక్కడే మొదట చెప్పిన వింత. ఏడాది పరిమితిని తూచేది బరువులో, చేపల సంఖ్యలో కాదు. సంరక్షణ పనిచేసి చేపలు పెరిగాయి, లావెక్కాయి. పడవ ఎక్కే రెండు చేపలు మునుపటి రెండింటికంటే బరువైనవి, పైగా తొందరగా దొరికేవి. కోటా రోజుల్లో నిండిపోతుంది. నియమం ఫలించినందువల్లే నియమం బిగుసుకుందన్న మాట. దీనికి తోడు రాష్ట్రాల జలాలు. టెక్సస్ తన తొమ్మిది మైళ్లలో ఏడాది పొడవునా, రోజుకు నాలుగు చేపలు పట్టుకోనిచ్చింది. మిగతా రాష్ట్రాలూ తమ సీజన్లు పొడిగించాయి. అక్కడ పట్టినదంతా అదే 49 శాతంలోంచి పోతుంది కాబట్టి ఫెడరల్ రోజులు చివరికి మూడుకు దిగాయి. 2017లో రాజకీయ ఒత్తిడి మీద ఇంకో 39 రోజులు కలిపారు. అలా చేస్తే పరిమితి దాటుతుందని, చేప కోలుకోవడం కొన్నేళ్లు ఆలస్యం కావచ్చని ప్రభుత్వ ప్రకటనలోనే ఉంది. దాటుతుందని తెలిసి దాటించిన పరిమితి ఇది.

పడవల వాళ్ల ఫిర్యాదులో గట్టి భాగం ఇంకొకటుంది. ఏడాది నిండని స్నాపర్ పిల్లలు పారల మీద ఉండవు, రొయ్యల వలలు ఈడ్చే బురద నేలల మీద ఉంటాయి. దశాబ్దాల తరబడి అవి రొయ్యలతో పాటు వలలో పడి చచ్చి, అమ్ముడుపోని చెత్తగా సముద్రంలోకి తిరిగి వెళ్లాయి. పిల్లలు తప్పించుకునే కిటికీలను గల్ఫ్ రొయ్యల వలలకు తప్పనిసరి చేసింది 1998లో. అప్పటికి గాలపు వేటగాడు ఏడు నుంచి నాలుగుకు దిగివున్నాడు.

అయితే గాలపు వేటగాడి పడవ పక్కనా చావు ఉంది. యాభై మీటర్ల లోతు నుంచి గబగబా పైకి లాగిన చేప గాలితిత్తి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికి వస్తుంది. కొలత తక్కువనో, సీజన్ కాదనో వదిలేస్తే అది నీటి మీద తేలుతూ పక్షులకో డాల్ఫిన్లకో ఆహారమవుతుంది. పరిమితి పాటించినట్టే, చేప చచ్చినట్టే. సంచిలో ఉన్న రెండింటిలో చిన్నదాన్ని పారేసి ఇప్పుడే పడిన పెద్దదాన్ని ఉంచుకునే అలవాటు దీన్ని ఇంకా పెంచుతుంది. ఇలాంటి చావులు చాలాకాలం ఎవరి ఖాతాలోనూ సరిగ్గా పడలేదు. 2008లో వంకర ముల్లు గాలాలతో పాటు, పొట్ట పక్క నుంచి గాలి తీసే బోలు సూది ప్రతి పడవలో ఉండాలన్నారు. 2013లో సూది నియమం ఎత్తేశారు. మళ్లీ 2022 జనవరి నుంచి, చేపను బరువుతో కిందికి దించి వదిలే పరికరమో, ఆ సూదో సిద్ధంగా ఉంచుకోవాలని చట్టమే వచ్చింది.

గల్ఫ్ అంతా ఒకే కథ చెబుతుందనుకోకూడదు. 360 కిలోల దాకా పెరిగే గోలియత్ గ్రూపర్ విషయంలో అంకె నేరుగా సున్నాకు వెళ్లింది. 1961లో ఫ్లోరిడాలోని ఫెర్నాండినా బీచ్ దగ్గర 680 పౌండ్ల (దాదాపు 308 కిలోల) గోలియత్‌ను గాలంతో పట్టారు, ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. మనిషిని చూసి బెదరని, కదలని చేప కాబట్టి ఈటెకు సులువుగా దొరికేది. 1990లో పూర్తి నిషేధం వచ్చింది. ముప్పై మూడేళ్ల తరవాత, 2023లో ఫ్లోరిడా లాటరీ పెట్టి ఏడాదికి 200 చేపలకు అనుమతి ఇచ్చింది, అవీ 24 నుంచి 36 అంగుళాల మధ్య పిల్లలే. పెద్దవాటి జోలికి పోకూడదు. స్నాపర్ కొలతకు ఇది తలకిందులు: అక్కడ చిన్నది వద్దు, ఇక్కడ పెద్దది వద్దు.

కరీబియన్‌లోని లిటిల్ కేమన్ దీవి చిన్న పడవల గురించి ఇంకో పాఠం చెబుతుంది. నసావు గ్రూపర్లు చలికాలపు పౌర్ణమికి ఒకే చోట గుంపుకట్టి గుడ్లు పెడతాయి. అక్కడ ఏడు వేల చేపలు గుమికూడే చోటు 2001లో బయటపడింది. రెండు సీజన్లలో, చేతి గాలాలతోనే, సుమారు నాలుగు వేలు పట్టేశారు. దీవి చిన్నది, పడవలూ కొన్నే. 2003లో ఆ చోట వేట ఆపేశారు. చేపలు మూడింతలకు పైగా పెరిగాయని 2020లో తేలింది. ఈలోగా 2016లో కేమన్ దీవులన్నిటికీ నియమం వచ్చింది: డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు నసావు గ్రూపర్ ముట్టకూడదు, మిగతా కాలంలో పడవకు రోజుకు ఐదు, 16 నుంచి 24 అంగుళాల మధ్యవి. పరిమితి మనిషికి కాకుండా పడవకు పెట్టడం గమనించాలి. పడవలోకి బంధువులను ఎక్కించుకుని అంకె పెంచుకునే దారి అక్కడ మూసేశారు.

గల్ఫ్‌లో 2020 నుంచి సొంత పడవల సీజన్‌ను అయిదు రాష్ట్రాలూ ఎవరికి వారు నిర్ణయించుకుంటున్నారు. మొత్తం కోటా ఫెడరల్‌దే, రోజులు రాష్ట్రాలవి. అలబామా, మిసిసిపీల్లో తెచ్చిన స్నాపర్లను నమోదు చేయాలి, లూసియానాకు తన సొంత సర్వే ఉంది. ఫెడరల్ సర్వే ఒక అంకె చెబితే రాష్ట్రం ఇంకో అంకె చెబుతుంది. అందుకని ఇప్పుడు తగవు ఎన్ని పట్టాలన్న దాని మీద తక్కువ, ఎన్ని పట్టారన్నది ఎవరి పుస్తకంలో చూడాలన్న దాని మీద ఎక్కువ. మనిషికి రెండు అన్న అంకె మాత్రం గల్ఫ్ ఫెడరల్ జలాల్లో అద్దె పడవల మీద వెళ్లేవారికి 2007 నుంచి కదల్లేదు.