చవితికి ఒకరోజు ముందు

హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ (పీఓపీ) వినాయకుళ్లను నిమజ్జనం చేయొచ్చా లేదా అన్న పేచీ మళ్లీ మొదలైంది. వీధి గణపతి ఉత్సవాలకు ఊపు తెచ్చిన తిలక్ దగ్గర నుంచో, కుతుబ్‌షాహీల కాలంలో చెరువు తవ్వించిన దగ్గర నుంచో కథ ఎత్తుకోనక్కర్లేదు. ఇవాళ్టి చిక్కుముడి 2021 సెప్టెంబరులో ఒక్క వారంలో పడింది.

ఆ ఏడాది చవితి 10న వచ్చింది. సాగర్‌లో పీఓపీ విగ్రహాలు వేయొద్దని తెలంగాణ హైకోర్టు 9న చెప్పింది. అప్పటికే చందాలు ఖర్చయ్యాయి, విగ్రహాలు మండపాలకు చేరుతున్నాయి. ఈ ఒక్కసారికి సడలించమని హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ అడిగితే హైకోర్టు కాదంది. దాంతో సుప్రీంకోర్టుకు పరుగెత్తారు. 16న, అంటే నిమజ్జనానికి మూడు రోజుల ముందు, జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం ఇదే ఆఖరుసారి అంటూ ఒప్పుకుంది.

నిజానికి విషయం అధికారులకు కొత్త కాదు. విగ్రహాల నిమజ్జనంపై కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 మేలో వాటిని సవరించి పీఓపీ వద్దని స్పష్టంగా రాసింది. తయారీదారులు గోల పెట్టడంతో అమలు ఏడాది వాయిదా పడింది. ఆ ఏడాదిలో నగరంలో విగ్రహాలు తయారుచేసే ధూల్‌పేటకు వెళ్లి 'వచ్చేసారి మట్టితో చేయండి, మట్టి మేం ఇప్పిస్తాం' అని గట్టిగా చెప్పి ఉంటే కోర్టుల దాకా వచ్చేది కాదేమో.

ధూల్‌పేటవాళ్ల మాట కాస్త వినాలి. అక్కడ పని చవితికి నెలల ముందే మొదలవుతుంది. వడ్డీకి డబ్బు తెచ్చి సరుకు దింపుకుంటారు. పీఓపీని అచ్చులో పోస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది, బొమ్మ తేలిగ్గా ఉంటుంది. మట్టిది ఆరాలంటే రోజులు పట్టాలి, వానాకాలంలో ఆరదు, ఆరినా పగుళ్లిస్తుంది, పది అడుగులది లారీ ఎక్కించాలంటే టెన్షనే. ఒకప్పుడు గుడుంబా మానేసి ఈ పనిలోకి వచ్చిన కుటుంబాలూ అక్కడున్నాయి. మళ్లీ పని మార్చుకోమంటే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఆ మాట ఎప్పుడు చెబుతారని.

2022 జులైలో వచ్చిన హైకోర్టు ఉత్తర్వు ఈ ముడిని ఇంకాస్త బిగించింది. పీఓపీ విగ్రహాల తయారీ ఆపక్కర్లేదు, చెరువుల్లో వేయడం మాత్రం కుదరదు, బేబీ పాండ్లలోనే, అంటే నిమజ్జనం కోసం కట్టిన చిన్న కొలనుల్లోనే వేయాలి. అంటే అమ్మకం సక్రమమే, కొన్నవాడు చివరిరోజు ట్యాంక్‌బండ్ దగ్గర దోషి. ముప్ఫై అడుగుల విగ్రహం బేబీ పాండ్‌లో ఎలా మునుగుతుందో ఎవరూ చెప్పలేదు.

ఉత్సవ కమిటీలదేమో ఒకటే మాట: సాగర్‌లో నిమజ్జనం మా సంప్రదాయం, నాలాల్లోంచి వచ్చే మురుగు సంగతి ముందు చూడండి. మురుగు నిజమే. కానీ పీఓపీ నీళ్లలో కరగడానికి నెలలు పడుతుంది, పూసిన రంగుల్లోని సీసం, క్రోమియం లాంటి లోహాలు అడుగు బురదలో చేరతాయి. క్రేన్లతో వ్యర్థాలు పైకి లాగినా ఆ రంగు వెనక్కి రాదు.

ఈ మధ్యలో ఒకటి జరిగింది, దాన్ని జనం తొందరగా మర్చిపోయారు. 1954లో ఒక్క అడుగుతో మొదలైన ఖైరతాబాద్ గణపతి 2021లోనూ పీఓపీయే. 2022లో 50 అడుగుల మట్టి విగ్రహమైంది. అందరికన్నా పెద్దాయనే మారిపోయాడు, ఎందుకంటే ఆ కమిటీకి ముందున్నది ఒక్కరోజు కాదు, ఏడాది.

2024లో నిషేధం ఫ్లెక్సీలు మళ్లీ ట్యాంక్‌బండ్ ఎక్కాయి, వాటిని ఉత్సవ సమితివాళ్లు పీకేశారు. కోర్టు ధిక్కరణ పిటిషన్ వేస్తే, ఆఖరి నిమిషంలో రావడమేంటని హైకోర్టు కొట్టేసింది. ఆ నిమజ్జనం అయిన కొన్ని నెలలకే ధూల్‌పేటలో అచ్చులు కడిగి, కొత్త బస్తాలు దింపుకున్నారు. ఆ రోజుల్లో అటువైపు ఏ అధికారీ వెళ్లడు.