గోల్ అంటే ప్రెస్ బిల్లు కాదు: బోర్డ్ గేమ్ క్రౌడ్ ఫండింగ్‌పై అపోహలు, వాస్తవాలు

“ప్రెస్‌లో 500 డబ్బాలకు 3 లక్షల 10 వేలు చెప్పారండీ. గోల్ కూడా అంతే పెట్టేస్తాం. ఆపైన వచ్చేదంతా మనదే కదా?”

కొత్త బోర్డ్ గేమ్‌కు క్రౌడ్ ఫండింగ్ (ఆట అచ్చు కాకముందే జనం దగ్గర డబ్బు పోగుచేయడం; పోగవ్వాల్సిన మొత్తమే గోల్) పెట్టబోయేవాళ్ల నోట, విజయవాడలోనైనా గుంటూరులోనైనా, మొదట వచ్చే మాట ఇదే. అష్టాచెమ్మా, పులిమేక ఆడి పెరిగినవాళ్లు, ఆటలు నిజంగానే బాగా కడుతున్నారు. రూల్సుకు పదును పెట్టడానికి ఏడాది కూర్చుంటారు, లెక్క మాత్రం ఒక్క సాయంత్రంలో తేల్చేస్తారు. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. అందుకే ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను.

అపోహ: ప్రింటింగ్ ఖర్చు వస్తే గట్టెక్కినట్టే.

వాస్తవం: ఆ గోల్ నిండిన రోజే మీరు అప్పుల్లో పడతారు.

లెక్క వేసి చూద్దాం. 112 కార్డులు, మడత బోర్డు, చెక్క బిళ్లలు, 16 పేజీల రూల్‌బుక్. డబ్బాకు 620 రూపాయలు పడిందనుకోండి. ప్లెడ్జ్, అంటే ఒక్కొక్కరు ముందే కట్టే సొమ్ము, 1,500, డెలివరీతో కలిపి. 3 లక్షల 10 వేల గోల్ నిండడానికి 207 మంది చాలు. కానీ ప్రెస్‌వాళ్లు 207 డబ్బాలు వేయరు. ప్లేట్లు, డై (కత్తిరించే అచ్చు), మెషీన్ సెట్టింగ్ ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే కాబట్టి వాళ్ల కనీస ఆర్డరు 500. వచ్చిన సొమ్ము మొత్తం అక్కడే అయిపోయింది. ఇంకా కట్టాల్సినవి చూడండి: ప్లాట్‌ఫామ్ (డబ్బు పోగుచేసే వెబ్‌సైటు), పేమెంట్ ఛార్జీలు కలిపి 8 శాతం అనుకుంటే దాదాపు 25 వేలు. బొమ్మలు వేసినవారికి 60 వేలు. డై, ప్రూఫులకు 15 వేలు. కొరియర్ సగటున 230 చొప్పున 47 వేల పైచిలుకు. అట్టపెట్టె, టేపు, బబుల్ షీటు 50 చొప్పున 10 వేల పైన. జీఎస్టీ 15 వేల దరిదాపుల్లో. మొత్తం 4 లక్షల 82 వేలు దాటింది. చేతి నుంచి పడేది లక్షా 72 వేలు. అమ్ముడుపోని 293 డబ్బాలు ఇంట్లో మంచం కింద.

సరైన లెక్క తిరగేసి వేయాలి. ఒక్క ప్లెడ్జ్‌లో ఛార్జీలు 120, జీఎస్టీ 71, కొరియర్ 230, ప్యాకింగ్ 50 తీసేస్తే మీకు మిగిలేది 1,029. ఎంతమంది వచ్చినా మారని ఖర్చు: ప్రెస్, బొమ్మలు, డై కలిపి 3 లక్షల 85 వేలు. దెబ్బతిన్న డబ్బాలకు బదులు పంపడానికి ఇంకో 20 వేలు కలపండి. 4 లక్షల 5 వేలను 1,029తో భాగిస్తే 394 మంది. అంటే గోల్ 5 లక్షల 91 వేలు. ప్రెస్ బిల్లుకు దాదాపు రెట్టింపు. అంతమందిని తేలేమనిపిస్తే ఆట ఖర్చు తగ్గించాలి, గోల్ తగ్గించకూడదు.

“విదేశాల్లో 10 వేల డాలర్ల గోల్ పెట్టి కోట్లు తెచ్చుకున్నారు కదా” అంటారు. ఎక్స్‌ప్లోడింగ్ కిట్టెన్స్ అనే కార్డుల ఆట గురించే ఆ మాట. 2015లో 2 లక్షల 19 వేల మందికి పైగా బ్యాకర్లతో (ప్లెడ్జ్ చేసినవారితో) 87 లక్షల డాలర్లు దాటిన మాట నిజం. దాన్ని చేసినవారిలో ఒకరు అప్పటికే లక్షలమంది చదివే వెబ్ కామిక్ గీసేవారు. జనాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ ఒక్క ఉదాహరణ పట్టుకుని గోల్ తగ్గించుకోవద్దు, దయచేసి.

ఈ లెక్కలో ఎక్కువగా తప్పేది కొరియర్. డబ్బా 30×30×7 సెంటీమీటర్లు అనుకుందాం. మూడూ గుణించి 5000తో భాగిస్తే 1.26 కిలోలు, చాలా కొరియర్లు లెక్కగట్టే ఘనపరిమాణ బరువు ఇదే. అసలు తూకం, ఇది, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. మూలలు నలగకుండా బబుల్ షీటు చుట్టి 34×34×10 అట్టపెట్టెలో పెట్టగానే అది 2.31 అవుతుంది. కిలో స్లాబు ఉన్నచోట 3 కిలోల బిల్లు వస్తుంది. గాలికి డబ్బు కడుతున్నాం. అదే ఆటను 25×25×6 డబ్బాలో సర్దితే? 48×48 బోర్డు నాలుగు మడతలేస్తే 24×24, హాయిగా పడుతుంది. బయటి పెట్టె 28×28×9 అయితే 1.41, అంటే 2 కిలోల బిల్లు. డబ్బా పెద్దగా ఉంటే షాపులో దర్జాగా కనిపిస్తుందని 30 ఎంచుకుంటారు. మీరు అమ్మేది షాపులో కాదు.

జీఎస్టీ దగ్గర ఇంకో పొరపాటు. “మాది చిన్న వ్యాపారం, పరిమితి లోపే ఉంటాం” అనుకుంటారు. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే ఆ పరిమితి వర్తించదు, మొదటి డబ్బాకే రిజిస్ట్రేషన్ కావాలి. గుంటూరు నుంచి హైదరాబాద్ పంపినా అంతర్రాష్ట్ర అమ్మకమే. ఇది చాలామందికి తట్టదు. బోర్డ్ గేముల మీద పన్ను 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అది మనకు మేలు. ప్రెస్ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (అక్కడ కట్టిన పన్నును మీ పన్నులో తగ్గించుకోవడం) వస్తే సంతోషమే, లెక్కలో ముందే కలుపుకోవద్దు.

అపోహ: స్ట్రెచ్ గోల్‌గా (గోల్ దాటితే ఇచ్చే అదనంగా) నాలుగు కార్డులు పెంచితే పోయేదేముంది?

20×30 అంగుళాల షీటులో బ్లీడు (కత్తిరింపుకు వదిలే అంచు), గ్రిప్పర్ (మెషీన్ పట్టుకునే అంచు) పోను 63×88 మిల్లీమీటర్ల కార్డులు 56 పడతాయి. 112 కార్డులంటే సరిగ్గా 2 షీట్లు. 113వ కార్డు కలిపిన క్షణాన మూడో షీటు, దానికి కొత్త ప్లేట్లు, ఇంకో సెట్టింగ్, ఇంకో కటింగ్. నాలుగు కార్డులకు 56 కార్డుల ఖర్చు. పెంచాలనుకుంటే కార్డు మందం పెంచండి, లేదా షీటులో ఖాళీ ఉన్నప్పుడే పెంచండి.

అపోహ: ప్రింటు బాగా వస్తే బోర్డు బాగున్నట్టే.

కృష్ణా తీరపు ఉక్కలో బోర్డు అప్పడంలా వంకర తిరుగుతుంది. 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు (గట్టి అట్ట) మీద ముందువైపు మాత్రమే 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు అంటిస్తే, గమ్ములోని తడి ఆరేకొద్దీ ఆ కాగితం ముడుచుకుని బోర్డును తనవైపు లాగుతుంది. వెనకవైపు కూడా అదే మందం కాగితం అంటించాలి, రెండు కాగితాల్లోని నార పోగులూ ఒకే దిక్కున ఉండాలి. అంటించాక 24 గంటలు బరువు కింద ఉంచాలి. తొందరపడి అదే రోజు డబ్బాల్లో సర్దితే రెండు వారాలకు బ్యాకర్ల ఫొటోలు మొదలవుతాయి. ఆర్డరు ఖాయం చేసేముందు ఒక నమూనా అడిగి తీసుకుని, ఏసీ లేని గదిలో వారం ఉంచి, గచ్చు మీద పెట్టి చూడండి. మూలలు లేవకపోతేనే సరే అనండి. సరుకు దాచేది నేల మీద కాదు, బల్లల మీద. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది ఎవరూ మర్చిపోలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అమెరికా క్రౌడ్ ఫండింగ్ వెబ్‌సైటు కిక్‌స్టార్టర్‌లో మనం నేరుగా క్యాంపెయిన్ పెట్టలేం. అనుమతించిన దేశాల జాబితాలో భారతదేశం లేదు. అమెరికాలో ఉన్న బావమరిది ఖాతా మీద పెడితే బాధ్యత, పన్ను, బ్యాకర్లకిచ్చిన మాట అన్నీ ఆయన నెత్తిన పడతాయి. ఆయనకు ముందే చెప్పి ఒప్పించండి.

“ఐడియా కొట్టేస్తారు” అని ఎవరికీ చూపించకుండా దాచేవారి భయం అర్థమవుతుంది. కానీ పేటెంట్ల చట్టం 1970, సెక్షన్ 3(ఎం) ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంటే రాదు. రూల్‌బుక్‌లో మీరు రాసిన వాక్యాలకు, బొమ్మలకు కాపీరైట్ ఉంటుంది. దాచిన ఆటకు ప్లేటెస్ట్ జరగదు. మీరు పక్కన లేకుండా, ఒక్క ముక్క చెప్పకుండా, రూల్‌బుక్ మాత్రమే ఇచ్చి కనీసం పది బృందాలతో ఆడించాలి.

పాచికలు, పేకలు ఉన్నాయి కాబట్టి జూదం అవుతుందనేది వట్టి పుకారు. పందెం లేనిదే జూదం లేదు.

డబ్బా మీద “14 ఏళ్లు పైబడినవారికి” అని అచ్చు వేస్తే ఐఎస్ఐ గుర్తు అక్కర్లేదన్నదీ పూర్తి నిజం కాదు. 2021 జనవరి నుంచి అమల్లో ఉన్న బొమ్మల నాణ్యత ఉత్తర్వు చూసేది ఆ వస్తువు 14 ఏళ్లలోపు పిల్లల కోసం తయారైందా అని. డబ్బా నిండా చిన్నపిల్లల బొమ్మలు పెట్టి అంకె ఒక్కటి మారిస్తే సరిపోదు.

డబ్బు ఇచ్చినవారికి “లాభంలో వాటా” అని మాత్రం రాయొద్దు. ఆట ఇస్తామనండి, అదనపు కార్డులు ఇస్తామనండి. వాటా, వడ్డీ అన్నారంటే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు, 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం మీ మెడకు చుట్టుకుంటాయి.

ఇక ప్లెడ్జ్ చేసి, ఆరు నెలలైనా డబ్బా రాక దిగులు పడేవారికి: ఆలస్యమైనంత మాత్రాన మోసం కాదు. 2015లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశీలనలో కిక్‌స్టార్టర్ ప్రాజెక్టుల్లో 9 శాతం అసలు అందించలేకపోయాయని తేలింది. క్రౌడ్ ఫండింగ్ షాపింగ్ కాదు, ఆ ముప్పు ఉంటుంది, కానీ పదిలో తొమ్మిది అందుతున్నాయి. డబ్బు పెట్టేముందు పేజీలో నాలుగు చూడండి: పూర్తి రూల్‌బుక్ చదవడానికి పెట్టారా, నిజమైన నమూనా ఫొటో ఉందా లేక కంప్యూటర్ బొమ్మేనా, ప్రింట్ చేసేది ఎవరో చెప్పారా, మీ పిన్‌కోడ్‌కు డెలివరీ ఎంతో రాశారా. రూల్‌బుక్ లేకపోతే, ఆట ఎంత ముచ్చటగా కనిపించినా, అది పెట్టేదాకా ఆగండి.