పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్లు: అపోహలు - వాస్తవాలు

గాజువాక ఆటోనగర్‌లో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే) బళ్ల సస్పెన్షన్ పని చేస్తాను. అరకు, పాడేరు, వంజంగి వైపు బళ్లేసుకుని వెళ్లేవాళ్లు పెరిగాక పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్లు (బండిని ఎత్తు చేసే స్ప్రింగుల సామాను) అడిగేవాళ్లూ పెరిగారు. వాళ్లు నమ్మకంగా చెప్పే మాటల్లో కొన్ని డబ్బు దండగ చేయిస్తాయి, కొన్ని ఘాట్‌లో ప్రాణాల మీదికి తెస్తాయి.

అపోహ: రెండంగుళాలు లిఫ్ట్ చేస్తే బండి కింద రెండంగుళాల ఖాళీ పెరుగుతుంది.

వాస్తవం: లిఫ్ట్ లేపేది బాడీని, ఛాసిస్‌ని. మారుతి జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిలే, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. రాళ్ల దారిలో ముందుగా దెబ్బ తినేది దాని మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ (గేర్లుండే గుండ్రటి పెట్టె). లిఫ్ట్ వల్ల అది వెంట్రుకవాసి కూడా లేవదు, టైరు పెరిగితేనే లేస్తుంది. అదీ పెరిగినదాంట్లో సగమే. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు ఎత్తు 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 వేస్తే దాదాపు 733. అంటే డిఫరెన్షియల్ లేచేది 20 మిల్లీమీటర్లు, బొటనవేలి వెడల్పంత. లిఫ్ట్ ముఖ్యంగా ఆ టైరు ఆడటానికి చోటు కోసం.

అపోహ: టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి దూరితే సరిపోయినట్టే.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే చూసి ఒక బండి పంపించేశాను. పాడేరు వెళ్లొచ్చాక చూస్తే ముందు చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్ అరచేయంత మేర అరిగి చిల్లు పడింది. పక్కనే వైరింగ్ ఉంది. ఇంకో ట్రిప్పు తిరిగితే అది తెగేది. ఆ సాయంత్రం నుంచి నా పద్ధతి మారింది. టైరు భుజాల మీద సుద్ద బాగా రుద్దుతాను. ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకునేలా చేసి, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పిస్తాను. తర్వాత రెండో చక్రం. టార్చి వేసి చూస్తే లైనర్ మీదో, ఛాసిస్ మీదో, బంపర్ మూల మీదో తెల్లగా గీత కనిపిస్తుంది. గీత పడినచోట టైరు తగులుతున్నట్టే. ఇది చూపించకుండా ఏ షాపువాళ్లయినా బండి ఇస్తుంటే, ఆగి అడగండి.

అపోహ: ఇప్పటికి వెనక రెండు మార్చి, ముందువి వచ్చే నెల మారిస్తే చాలు.

వాస్తవం: ఇది మాత్రం వద్దు. మహీంద్రా థార్, జిమ్నీ రెండూ పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, కావాలన్నప్పుడే నాలుగూ. ఫోర్ వీల్ వేయగానే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరగాలి. టైర్ల ఎత్తులు వేరైతే ఆ షాఫ్టులు ట్రాన్స్‌ఫర్ కేసులో (శక్తిని ముందుకీ వెనక్కీ పంచే గేరు పెట్టెలో) ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. నాలుగూ ఒకేసారి మార్చండి. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి.

అపోహ: టైరు పెరిగితే మారేది లుక్కే, డ్రైవింగ్ మారదు.

వాస్తవం: పైన చెప్పిన సైజుకి ఒక్కో చుట్టుకీ బండి దాదాపు 6 శాతం ఎక్కువ దూరం వెళుతుంది. మీటరు 80 చూపించినప్పుడు మునుపటికంటే ఐదు కిలోమీటర్ల వేగం ఎక్కువ. ఎక్కేటప్పుడు ఇంజిన్ గుంజుకోలేక గేరు తగ్గించాల్సి వస్తుంది. అంతకంటే ముఖ్యం, దిగేటప్పుడు బ్రేకు. బరువైన పెద్ద చక్రాన్ని ఆపాల్సింది పాత బ్రేకే. అనంతగిరి నుంచి దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టుకునే వస్తే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. సెకండ్ గేరులో దిగండి. పైగా మడ్ టెర్రైన్ టైర్లు (బురద కోసం చేసినవి) తడిసిన తారు మీద ఆల్ టెర్రైన్ (రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చేవి) అంత పట్టు ఇవ్వవు. వారమంతా సిటీలో తిరిగి నెలకోసారి ఏజెన్సీకి వెళ్లేవాళ్లకి నేను మడ్ టైర్లు వేయను.

అపోహ: సైడ్‌వాల్ మీద రాసినంత గాలి కొట్టాలి.

వాస్తవం: అది గరిష్ఠ పరిమితి. టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి ఇరవై మీటర్లు నేరుగా నడపండి. మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ. అంచులు చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ.

ఇసుకలో గాలి తగ్గించడం సరైనదే. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం బండి తీసుకెళ్లొద్దు, అది జాతీయ భూవారసత్వ సంపద. ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, అప్పుడు తీరపు ఇసుకలోకి అసలే వద్దు.

అపోహ: లిఫ్ట్ వేశాక ఎలైన్‌మెంట్ చేయిస్తే పనైపోయింది.

వాస్తవం: జిమ్నీ లేచాక యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది, దాన్ని పక్కకి జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ సర్దాలి. క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గి స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, దానికి కరెక్షన్ బుష్‌లు వేయాలి. మన సముద్రపు గాలికి కొత్త బోల్టులు కూడా త్వరగా తుప్పు పడతాయి. వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి టార్క్ రెంచితో బిగింపు చూపించుకోండి.

అపోహ: అందరూ చేయిస్తున్నారు, ఏమీ కాదు.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకీ ఐదు వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ క్లెయిమ్‌లోనూ ఇదే అడ్డు రావచ్చు. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకి ముందు వాళ్ల బండి మాన్యువల్‌లో ఉన్న టైరు సైజులు చూపిస్తాను. ఆ సైజులోనే మంచి ఆల్ టెర్రైన్ టైరు వేసుకుని లంబసింగి వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది లిఫ్ట్ మాట మళ్లీ ఎత్తలేదు.