సర్టిఫికెట్ల గడువు: ఓటులో ఓడిన ప్రతిపాదన నిబంధన అయిన తీరు

వెబ్‌సైటు అసలుదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే డిజిటల్ పత్రాలు, అంటే వెబ్ సర్వర్ల భద్రతా సర్టిఫికెట్లు, ఎంతకాలం చెల్లాలన్న పాత వివాదం మళ్లీ రాజుకుంది. 2026 మార్చి 15 నుంచి జారీ అయ్యే సర్టిఫికెట్‌కు 200 రోజులకు మించి గడువు ఉండకూడదు. 2027 మార్చిలో అది 100 రోజులకు, 2029 మార్చిలో 47 రోజులకు తగ్గుతుంది. యాపిల్ తెచ్చిన ఈ ప్రతిపాదనను సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలు, బ్రౌజర్ సంస్థలు సభ్యులుగా ఉన్న సీఏ/బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో ఆమోదించింది. 25 సర్టిఫికెట్ సంస్థలు ఔనన్నాయి, 5 తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు.

అందరూ ఒప్పుకున్నట్టే కనిపించే ఈ లెక్క అర్థం కావాలంటే 2019 సెప్టెంబరుకు వెళ్లాలి. అప్పటి గరిష్ఠ గడువు 825 రోజులు. దాన్ని సుమారు ఏడాదికి కుదించాలని గూగుల్ ప్రతిపాదించింది. బ్రౌజర్ల వైపు నుంచి వ్యతిరేకత రాలేదు. కొన్ని సర్టిఫికెట్ సంస్థలు మాత్రం తమ ఖాతాదారులను అడిగాయి. వద్దన్నవారే ఎక్కువ. మొత్తం సర్టిఫికెట్ సంస్థల్లో ఎక్కువ భాగం వ్యతిరేకంగా ఓటేయడంతో ప్రతిపాదన వీగిపోయింది.

కొన్ని నెలలకే, 2020 ఫిబ్రవరిలో, స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో జరిగిన ఫోరం సమావేశంలో యాపిల్ తన నిర్ణయం చెప్పేసింది. ఆ సెప్టెంబరు 1 నుంచి 398 రోజులు దాటిన కొత్త సర్టిఫికెట్లను తన బ్రౌజర్ సఫారీ నమ్మదు. దీనిపై ఓటింగు లేదు. ఐఫోన్‌లో తెరుచుకోని సైటుకు సర్టిఫికెట్ ఎవరు కొంటారు? ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా, క్రోమ్ తయారుచేసే గూగుల్ అదే దారి పట్టాయి. ఫోరం నిబంధనలు ఆ తర్వాత వాటికి అనుగుణంగా మారాయి. 2025లో ‘కాదు’ అనే ఓటు ఒక్కటీ పడకపోవడానికి కారణం అక్కడే ఉందని నా అభిప్రాయం. కాదన్నా ఆగదని అందరికీ తెలిసిపోయింది.

ఈ భారం మోసే సర్వర్ నిర్వాహకులకు ఆ ఫోరంలో ఓటు లేదు. వారి ఇబ్బంది బద్ధకం వల్ల వచ్చింది కాదు, ప్రోగ్రాముల నిర్మాణంలోనే ఉంది. సురక్షిత వెబ్ కనెక్షన్లు వచ్చే 443 పోర్టులో కనెక్షన్ అందుకున్న సర్వర్, మొదట జరిగే పరస్పర పరిచయంలో (హ్యాండ్‌షేక్‌లో) తన సర్టిఫికెట్‌ను చూపాలి. చాలా ప్రోగ్రాములు ఆ సర్టిఫికెట్‌నూ దానికి జతగా సర్వర్ రహస్యంగా ఉంచుకునే ప్రైవేట్ కీనీ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి చదివి మెమరీలో ఉంచుకుంటాయి. డిస్కులో కొత్త ఫైలు పెట్టినా పాతదే చూపిస్తూ ఉంటాయి. వెబ్ సర్వర్ ప్రోగ్రాము ఎన్‌జిన్‌ఎక్స్‌కు రీలోడ్ ఆదేశం ఇస్తే కొత్త ప్రాసెస్‌లు కొత్త సర్టిఫికెట్‌తో పని అందుకుంటాయి, పాతవి చేతిలో ఉన్న కనెక్షన్లు ముగించి తప్పుకుంటాయి. ఆ ఏర్పాటు లేని సొంత ప్రోగ్రాములను ఆపి మళ్లీ నడపాలి, అంటే నడుస్తున్న కనెక్షన్లన్నీ తెగుతాయి. వచ్చే కనెక్షన్లను పలు సర్వర్లకు పంచే పాత లోడ్ బ్యాలెన్సర్లలో వెబ్ పేజీ తెరిచి చేత్తో అప్‌లోడ్ చేయవలసినవి ఇంకా ఉన్నాయి. ఇదివరకు ఏడాదికి ఒకసారి రాత్రిపూట చేసుకున్న ఈ పని 2029 తర్వాత ఏటా ఎనిమిది సార్లు వస్తుంది.

బ్రౌజర్ల వాదనకూ ఆధారం ఉంది. 2014 ఏప్రిల్‌లో సర్వర్ల ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు సర్వర్ మెమరీలోని ప్రైవేట్ కీలు సైతం లీకయ్యే ప్రమాదం ఏర్పడింది. అలాంటి కీల సర్టిఫికెట్లను రద్దు చేయాలి. అయితే రద్దయిన సర్టిఫికెట్లను బ్రౌజర్లు నమ్మకంగా గుర్తించలేకపోయాయి. రద్దు పనిచేయనప్పుడు గడువు త్వరగా తీరిపోవడమే రక్షణ అని బ్రౌజర్ సంస్థల మాట. అదే ఏడాది జూలైలో మన ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ ద్వారా గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. అప్పుడు వాటికి మూలమైన భారత ప్రభుత్వ రూట్ సర్టిఫికెట్‌పై క్రోమ్ పరిమితులు విధించింది. ఆనాటి కఠినత్వం సరైనదే. కానీ అది తప్పు చేసిన వారిపై తీసుకున్న చర్య, ఇది అందరిపైనా పడేది.

2026 మార్చి మధ్యలో 200 రోజులకు తీసుకున్న సర్టిఫికెట్లకు అక్టోబరు మొదట్లో గడువు తీరుతుంది. ఇక 2029 నుంచి, డొమైన్ తమదేనని ఒకసారి నిరూపిస్తే ఆ రుజువు 10 రోజులే చెల్లుతుంది. ఆ రుజువును చేత్తో చూపే సంస్థలు దాదాపు ప్రతి పునరుద్ధరణకూ ఆ పని మొదటినుంచీ చేయాలి.