సుమో-1 వయల్ గొడవ: చల్లారిందనుకున్నది మళ్ళీ ఎందుకు లేచింది

విశాఖలో సుమో-1 వయల్ (చిన్న సీసా) గొడవ ఈ వారం మళ్ళీ లేచింది. సుమో-1 అంటే కణంలో మిగతా ప్రొటీన్లకి అతుక్కుని వాటి పనిని మార్చే ఒక చిన్న ప్రొటీన్. నగరంలో ఒక ల్యాబ్ పీహెచ్‌డీ పిల్లలు కొన్న రీకాంబినెంట్ హ్యూమన్ సుమో-1 (మనిషి జీన్‌ని వేరే జీవిలో పెట్టి తయారుచేసింది) ఏ ప్రొటీన్‌కీ అతుక్కోవట్లేదు, డబ్బులు వెనక్కివ్వమంటే డీలర్ కుదరదన్నాడు, అక్కడితో సద్దుమణిగింది అనుకుంటుంటే ఇప్పుడు ఇంకో ల్యాబ్ వాళ్ళు మాకూ ఇదే అయింది అని బయటికొచ్చారు.

సుమోలాగే వేరే ప్రొటీన్లకి అతుక్కునే యుబిక్విటిన్ అంటే ఏంటి, దానికి 2004 నోబెల్ ఎందుకిచ్చారు అన్నవి అందరూ రాసేశారు, వదిలేద్దాం. 1996లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో గుంటర్ బ్లోబెల్ ల్యాబ్ వాళ్ళు రాన్‌గ్యాప్1 అనే ప్రొటీన్ జెల్ (ప్రొటీన్లని బరువుని బట్టి విడదీసేది) మీద 70 దగ్గరొకటి, 90 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గరొకటి కనిపిస్తుంటే, పైదానికి ఇంకో చిన్న ప్రొటీన్ అతుక్కుని ఉందని తేల్చారు, అదే సుమో-1. నా లెక్కలో అసలు మలుపు మాత్రం 1999. ఆ ఏడాది ఈస్ట్‌లో యూఎల్‌పీ1 అనే ఎంజైమ్ దొరికింది. అతుక్కున్న సుమోని విడదీసేదీ అదే, కొత్తగా తయారైన సుమో తోక కత్తిరించేదీ అదే. మన కణాల్లో ఈ పని సెన్ప్ ఎంజైమ్‌లు చేస్తాయి.

ఇవాళ్టి గొడవంతా ఆ తోక దగ్గరే ఉంది. మనిషి సుమో-1 పుట్టేటప్పుడు 101 అమైనో ఆమ్లాలు. చివరి నాలుగూ, అంటే హిస్టిడిన్, సెరిన్, థ్రియోనిన్, వాలిన్, తెగిపోతేనే 97వ స్థానంలో ఉన్న గ్లైసిన్ బయటపడుతుంది, ఇంకో ప్రొటీన్‌లోని లైసిన్‌ని పట్టుకునేది ఆ గ్లైసినే. ల్యాబ్‌లకి అమ్మే సుమోని ఎక్కువగా ఈ-కోలై బ్యాక్టీరియాలో తయారుచేస్తారు, దాంట్లో సెన్ప్ లేదు, సుమోనే లేదు. పూర్తి జీన్ పెట్టి తయారుచేస్తే తోక అలాగే ఉండిపోతుంది, కత్తిరించే నాథుడు లేడు. ప్రొటీన్‌ని శుద్ధి చెయ్యడానికి తగిలించే హిస్టిడిన్ ట్యాగ్ తీసుకెళ్ళి చివర తగిలించినా అదే గతి. అందుకే తెలిసినవాళ్ళు 97 దగ్గరే స్టాప్ పెట్టి, ట్యాగ్ ముందువైపు పెడతారు.

డీలర్ చెప్పేది రెండు ముక్కలు. డేటాషీట్‌లో 95 శాతం ప్యూరిటీ ఉంది, జెల్‌లో ఒకటే బ్యాండ్ (ప్రొటీన్ గీత) ఉంది. రెండోది, హుద్‌హుద్ తుఫాను నాటి నుంచీ వైజాగ్‌లో కరెంట్ సంగతి తెలిసిందే, మీ ఫ్రీజర్‌లోనే పాడై ఉంటుంది.

పిల్లలు చెప్పేది వినండి. వేరే చోట తెప్పించిన పాత సుమో-1 కొంచెం మిగిలి ఉంటే దాన్నీ, దీన్నీ పక్కపక్కన పెట్టారు, అదే ఈ1, అదే యూబీసీ9 (సుమోని అతికించే ఎంజైమ్‌లు ఇవి), అదే ఏటీపీ (దానికి శక్తినిచ్చేది), అదే రాన్‌గ్యాప్1 ముక్క, 37 డిగ్రీల్లో. పాతదాంట్లో బ్యాండ్ చక్కగా పైకెళ్ళింది, అంటే సుమో అతుక్కుంది, కొత్తదాంట్లో కదల్లేదు. రెండూ ఉన్నది ఒకే ఫ్రీజర్‌లో, ఒకే అరలో, పైగా పాతది ఎక్కువ కరెంట్ కోతలు చూసింది. ఇంక ప్యూరిటీ అంటారా, ఆ నాలుగు అమైనో ఆమ్లాల బరువు సుమారు 424 డాల్టన్లు, అంత చిన్న తేడా మామూలు జెల్‌లో ఎవరి కంటికీ ఆనదు. తోక ఉన్నా లేకున్నా బ్యాండ్ ఒక్కటే, అదీ శుభ్రంగానే కనిపిస్తుంది. మాస్ స్పెక్‌లో (అణువుల బరువు కచ్చితంగా తూచే యంత్రం) పెడితే మాత్రం ఇట్టే దొరికిపోతుంది. ఆ రిపోర్టే అడుగుతున్నారు, ఇంతవరకూ రాలేదు. అసలే ఆలస్యంగా పడే ఫెలోషిప్ డబ్బుల్లోంచి కొన్న సరుకు ఇది, దానికోసం నెలల పని ఆగిపోయింది, ఆ మాత్రం అడిగే హక్కు వాళ్ళకుంది.

సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరుస) చెప్పమంటే కంపెనీ రహస్యం అన్నారట. సుమో-1 సీక్వెన్స్ యూనిప్రాట్ అనే ఉచిత ప్రొటీన్ డేటాబేస్‌లో పీ63165 నంబర్ కింద ఎవరైనా చూసుకోవచ్చు, అందులో దాచేదేముంది? 97 దగ్గర ఆపారా, 101 దాకా ఉంచారా, ట్యాగ్ ఏ వైపు ఉంది, ఇంతే కదా అడిగింది. ఇప్పుడు డీలర్ అదే కేటలాగ్ నంబర్‌తో ఇంకో వయల్ ఇస్తానంటున్నాడు. ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా అది తీసుకునేది లేదని రెండు ల్యాబ్‌ల పిల్లలూ కలిసి లెటర్ పెట్టారు.